ఎర్రదారం కింది అతుకు

దుమ్ము 7వ రోజు. ఎర్రమిట్ట నుంచి ఆస్పత్రికి, 58 కిలోమీటర్లు.

తోలినవాళ్ళే బండి పుస్తకం రాయాలని ఊరి కట్టుబాటు. అందుకని రాస్తున్నాను గానీ, ఈ ముసలి జీపు మీద నాకేమీ ప్రేమ పొంగిపోవడం లేదు. నాకు వేరే పనులు లేవా? గాలిలో తేమను నీళ్ళుగా పట్టే తేమయంత్రం గుడ్డలు పూటకోసారి దులపాలి. దులపకపోతే ఊరికి తాగే నీళ్ళు రావు. దుమ్ము లేచి ఇవాళ్టికి ఏడు రోజులు, ఇంకా ముప్పై మూడు రోజులుంటుంది. పేరు రాయాలట, రాస్తున్నాను: ఓబులమ్మ, యాభై నాలుగేళ్ళు, ఊరి మరమ్మతులు చూసేదాన్ని.

తమంతట తామే దారి చూసుకుని నడిచే కళ్ళబండ్లు పన్నెండూ షెడ్డులో వరసగా పడుకున్నాయి. దారి కంటికి ఆనకపోతే అవి అంగుళం కదలవు. మనిషి కూర్చుని తోలే ఏర్పాటు వాటికి లేనే లేదు. స్టీరింగు లేదు, బ్రేకు లేదు, బతిమాలితే వినే చెవి కూడా లేదు. దుమ్ము నలభై రోజులూ ఊరు దాటాలంటే ఈ జీపు ఒక్కటే దిక్కు. జీపు తోలడం తెలిసిన మనిషిని ఊళ్ళో నేనొక్కదాన్నే మిగిలాను. మా అన్న సుంకన్నకు తెలుసు, ఆయన పోయి ఏడు నెలలైంది.

ఇవాళ తీసుకుపోయింది ఆయన భార్యను, తిప్పక్క వదినను. వదినకు మూత్రపిండాలు రెండూ పోయి రెండేళ్ళు. నాలుగు రోజులకోసారి పెన్న అవతలి ఆస్పత్రిలో రక్తం కడిగించుకోవాలి. ఒక రోజు ఆలస్యమైతే ఒళ్ళు ఉబ్బుతుంది. రెండు రోజులైతే ఆయాసం. మూడు రోజులైతే ఏమవుతుందని డాక్టరమ్మను అడిగాను, ఆమె మాట మార్చింది.

పోయేటప్పుడు జీపు రెండుసార్లు ఆగింది. మొదట ఇరవయ్యో కిలోమీటరు దగ్గర, పెన్న ఇసుకలో. తాళం తిప్పగానే ట్యాంకులో ఉన్న పంపు తుమ్మెద లాగా ఒక్క క్షణం పాడుతుంది, ఆ పాట వినబడితేనే ఇంజనుకు సారా అందుతుంది. ఈ జీపు తాగేది జొన్నసారా. తాళం ఎన్నిసార్లు తిప్పినా పాట లేదు. అరగంట కూర్చున్నాం. చల్లబడ్డాక తనంతట తానే పాడింది, బయల్దేరాం. మళ్ళీ నలభై ఒకటో కిలోమీటరు దగ్గర అదే కథ.

వదిన ముఖానికి గుడ్డ కట్టుకుని వెనక సీట్లో ఒత్తిగిలి పడుకుంది. నా తిట్లన్నీ ఓపిగ్గా విని, ఈ జీపుదీ నాదీ ఒకటే గుణమంది. ఊరికే అలుగుతుందట, ఎవరూ పలకరించకపోతే తనే లేచి పని చూసుకుంటుందట. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. మొత్తానికి వేళకు ఆస్పత్రి చేరాం.

దుమ్ము 8వ రోజు. తిరుగు ప్రయాణం.

వచ్చేటప్పుడు ఒక్కసారే ఆగింది. వదినకు రక్తం కడిగినాక ముఖం తేటగా ఉంది. ఆకలంది. జొన్నరొట్టె, ఉప్పులేని పప్పు తిన్నది. మళ్ళీ పోవాల్సింది పదకొండో రోజున.

దుమ్ము 9వ రోజు. షెడ్డులో.

గుడ్డలు దులిపి, తొట్టిలో దుమ్ము తోడి, జీపు బానెట్ ఎత్తేసరికి పొద్దెక్కింది. ఫ్యూజు తీసి చూశాను, బాగుంది. పంపు రిలే తీసి హారన్ రిలేతో మార్చి చూశాను. హారన్ మోగుతోంది, పంపు మాత్రం వేడెక్కగానే ఆగుతోంది, అంటే రిలే తప్పు కాదు. చాసిస్‌కు బిగించిన ఎర్త్ వైరు విప్పి, తుప్పు గీకి, మళ్ళీ బిగించాను. బ్యాటరీ నిండుగా ఉంది.

ఈలోగా మౌలాలి వచ్చాడు. ఊరి రేడియో చూసేది అతనే. మంచివాడే గానీ తెలియని పనిలో సలహా ఇవ్వకుండా ఉండలేడు. జీపు పైన డబ్బా కట్టి, గొట్టంతో సారా దింపితే పంపుతో పని లేదు కదా అన్నాడు. అది పాత కార్బొరేటర్ బండ్లకు చెల్లింది, దీనికి ఇంజెక్టర్లున్నాయి, ఒత్తిడి లేకపోతే చుక్క దిగదు అని చెప్పాను. కొంచెం గట్టిగానే చెప్పాను. డబ్బా అనగానే ఊళ్ళో మగవాళ్ళకు సారా మీదికి మనసు పోతుందని కూడా అన్నాను. అతను నవ్వుకుంటూ పోయాడు.

దుమ్ము 10వ రోజు. షెడ్డులో.

ఇంజను ఆపకుండా ముప్పావు గంట నడిపాను. వేడెక్కాక ఆగింది. ఆగిన క్షణంలోనే ట్యాంకు దగ్గరి ప్లగ్గులో మీటరు పెట్టి చూశాను. పన్నెండు వోల్టులు. పనిలేనప్పుడు అందరూ పన్నెండే చూపిస్తారు, బరువు నెత్తినున్నప్పుడు చూడాలి అనేవాడు మా అన్న. బరువున్నప్పుడే చూశాను, అయినా పన్నెండే. అంటే కరెంటు గుమ్మం దాకా వస్తోంది, లోపల ఎవరూ పలకడం లేదు.

వెనక సీటు కింది రేకు విప్పాను. ప్లగ్గు నుంచి ట్యాంకు మూత దాకా జానెడు వైరు. ఆ జానెడు మధ్యలో అతుకు, అతుకు మీద ఎర్రదారం. మా అన్న దారం.

పరాయి ఊరివాళ్ళు ఎవరైనా ఈ పుస్తకం చదివితే తెలియడానికి రాస్తున్నాను. కొత్త వైరు అనేది మా అమ్మ కాలంలోనే నిలిచిపోయింది. మా ఎర్రమిట్టలో నీళ్ళు, దీపాలు, రేడియో అన్నీ అతుకుల మీదే బతుకుతున్నాయి. వైరు కొసలు మెలేసి, కరిగించిన తగరం పోసి, గుడ్డ పట్టీ చుట్టి, పైన దారం కడతాం. ఎవరి రంగు వాళ్ళది. మా అన్నది ఎరుపు, నాది నలుపు. అతుకు వేసిన మనిషి పోతే ఏడాది పాటు ఆ దారం విప్పకూడదు. దాటించి వేరే వైరు వేయనూ కూడదు. దాన్ని చేతి ఏడు అంటాం. మనిషి పోయినా చెయ్యి ఇంకా ఊరికి పనిచేస్తోందని, ఏడాది దాకా దాన్ని సాగనంపకూడదని అర్థం. తప్పనిసరైతే భార్యో మొగుడో నోటితో చెయ్యి విడవాలి, అప్పుడే విప్పాలి. మా అన్న చేతి ఏటికి ఇంకా ఐదు నెలలుంది.

ఊళ్ళో ఆయన అతుకులు ముప్పై రెండు. ఒక్కటి చెడిన దాఖలా లేదు. నాకు పని నేర్పింది ఆయన. నా పదేళ్ళప్పుడు తగరం సరిగా పారలేదని నేను వేసిన అతుకును పదకొండుసార్లు విప్పించి మళ్ళీ వేయించాడు. అలాంటి మనిషి అతుకు చెడుతుందా? దారాన్ని కళ్ళకద్దుకుని రేకు మూసేశాను. పంపే చెడింది, సందేహం లేదు.

దుమ్ము 11వ రోజు. ఆస్పత్రికి బయల్దేరి వెనక్కి.

వదినను కడిగించాల్సిన రోజు. ఇంజను చల్లగా ఉన్నంతసేపైనా పోవచ్చని తెల్లారగానే బయల్దేరాను. ఆరో కిలోమీటరుకే ఆగింది. చల్లార్చుకుని కదిలితే మూడు కిలోమీటర్లు. ఆ తర్వాత రెండు. ఈ లెక్కన పెన్న నడిమధ్యలో చిక్కుకుంటే ముందుకూ వెనక్కూ కాకుండా పోతామని భయమేసి తిప్పేశాను. ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

మౌలాలి రేడియోలో డాక్టరమ్మను పట్టుకున్నాడు. నలుగురం డోలీ కట్టి మోసుకొస్తామని అడిగాడు పాపం. అంత దూరానికి రెండు రోజులు పడుతుంది, ఈ దుమ్ము పీలుస్తూ వస్తే ఆమె ఊపిరి దారిలోనే ఆగుతుంది, ఎలాగైనా బండిలోనే తెమ్మంది ఆమె. నీళ్ళు గిద్దెడు మించి ఇవ్వొద్దంది. పండు ముక్క కూడా పెట్టొద్దంది.

దుమ్ము 12వ రోజు. షెడ్డులో.

గుట్ట కింద ఇసుకలో కూరుకుపోయిన ఇంకో పాత జీపు ఉంది, నా కంటే ముందు పుట్టింది. మౌలాలీ నేనూ పొద్దుటి నుంచి దాన్ని తవ్వాం. ట్యాంకు విప్పి పంపు తీశాను. బ్యాటరీ తగిలిస్తే పాడింది. దీని దుంప తెగ, అన్నేళ్ళు మట్టిలో ఉండి కూడా పాడింది. ఆ పాట వినగానే మౌలాలి కళ్ళు తుడుచుకున్నాడు.

అన్న దారం తాకకుండా, దానికి నాలుగు వేళ్ళ కింద వైరు కత్తిరించి, ఈ పంపును అక్కడ అతికాను. తగరం నిండా పోశాను. నల్లదారం కట్టాను. చీకటి పడక ముందే పని అయింది.

వదిన ముఖం ఉబ్బింది. కాళ్ళు నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది. చింతచిగురు పప్పు తినాలనుందని అంది. ఇవ్వకూడదు. ఇవ్వలేదు. బాగుపడి వచ్చాక కుండ నిండా వండిపెడతానని చెప్పాను.

దుమ్ము 13వ రోజు. ఆస్పత్రికి బయల్దేరి వెనక్కి.

నాలుగో కిలోమీటరు దగ్గర ఆగింది. వేరే పంపు, వేరే అతుకు, అదే చావు.

దిగి వెనక సీటు కింది రేకు ఎత్తి వేలు పెట్టాను. నల్లదారం చల్లగా ఉంది. ఎర్రదారం వేలు కాల్చింది. బొబ్బ కూడా లేచింది, రాస్తుంటే కలం ఒత్తుకుని మండుతోంది. ఇంక ఏం వెతకాలి? మీటరు పన్నెండు చూపించింది అతుకుకు ముందు, నేను చెడిందన్న పంపు ఉన్నది అతుకుకు తర్వాత. మధ్యలో ఉన్నదాన్ని తప్ప అన్నింటినీ అనుమానించాను. నేర్చుకుంటున్నవాళ్ళెవరైనా ఈ పని చేసుంటే నెత్తిన మొట్టి ఉండేదాన్ని.

ఊరికి తిరిగొచ్చి వదినను మంచం మీద కూర్చోబెట్టి విషయం చెప్పాను. చెయ్యి విడవమని అడిగాను. ఆమె గోడకేసి తిరిగింది. "ఏడు కానీలే మే ఓబులా" అంది. "ఆయప్ప దారం ఇప్పొద్దు." ఎందుకని అడిగాను. కట్టుబాటు ఊరికే పెట్టినారా అంది.

ఇక్కడొక మాట రాయాలి. రాయకూడదని ఇప్పటికి రెండుసార్లు కలం పక్కన పెట్టాను. ఆమె వద్దనగానే నా ప్రాణానికి హాయిగా అనిపించింది. అన్న అతుకు విప్పే పని తప్పింది కదా అని. ఆమె ఒళ్ళు ఉబ్బి నా ఎదురుగా కూర్చుని ఉంది, నేను మాత్రం ఆ దారం గురించి ఆలోచించాను.

మధ్యాహ్నమంతా తెలివి ఉపయోగించాను. దారం విప్పకుండా అతుకును చల్లబరిస్తే చాలు కదా అని తడిగుడ్డ చుట్టి చూశాను. షెడ్డులో గంటకు పైగా ఆగకుండా నడిచింది. ఎంత తెలివైనదాన్నో అని నాకు నేనే మెచ్చుకున్నాను. రేపు మౌలాలి వెనక కూర్చుని గుడ్డ తడుపుతూ ఉంటాడు, నేను తోలతాను, అని ఒప్పందం చేసుకున్నాం. దారం దారంగానే ఉంటుంది, వదినా దక్కుతుంది.

దుమ్ము 16వ రోజు. 14వ రోజు సంగతి ఇవాళ రాస్తున్నాను.

పద్నాలుగో రోజు పొద్దున వదిన పడుకోలేకపోయింది. పడుకుంటే ఊపిరాడటం లేదు. సీట్లో దిండ్లు పెట్టి కూర్చోబెట్టాం. పక్కన మౌలాలి నీళ్ళ క్యాను పట్టుకుని గుడ్డ తడుపుతూ కూర్చున్నాడు. ఊరు తాగే నీళ్ళలోంచి ఎనిమిది లీటర్లు ఇచ్చారు, ఎవరూ కాదనలేదు.

షెడ్డులో గాలి లేదు. బయట ఆ ఎండుగాలికి గుడ్డ తడిపిన నిమిషానికే ఆరి, దుమ్ము పట్టి, పిడక మాదిరి గట్టిపడింది. తొమ్మిదో కిలోమీటరు దగ్గర, పెన్న ఇంకా చేరకముందే పంపు ఆగింది. నీళ్ళు అప్పటికే సగం అయిపోయాయి.

దిగి ఎందుకో టైరును తన్నాను. తిరిగి చూస్తే వదిన నన్నే చూస్తోంది. ముఖానికి కట్టిన గుడ్డ కిందికి లాక్కుంది.

"ఇప్పు మే" అంది. "చెయ్యి ఇడిసినా. మౌలాలి సాచ్చి."

ఏడు కాలేదు కదా వదినా అన్నాను. ఆ మాట ఎట్లా వచ్చిందో నా నోటికి.

"ఆ పొద్దు తగరం అయిపోయిండె" అంది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటోంది. "మీయన్నకు చేతులు వణుకుతాండె. నేనే లైటు పట్టుకోనుంటి. వైరు ఊరికే మెలేసి దారం సుట్టినాడు. తగరం వచ్చినంక మళ్ళా చేస్తాలే, ఓబులికి చెప్పొద్దు, అది తిట్టదు, ఏడుస్తాది అన్న్యాడు. తగరం వచ్చేలోపల ఆయప్పే పాయె."

 నేను ఆమె దగ్గరికి పోయి, నిన్న అడిగినప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. అరిచానేమో కూడా. ఆమె నా చెయ్యి పట్టుకుంది, ఆ చెయ్యి ఉబ్బి మెత్తగా ఉంది.

"నీకు మిగిలింది ఆయప్ప చేతి మింద నమ్మకం ఒగటే గదా మే. దాన్ని నేనెట్ల తీసేది?"

రేకు ఎత్తి దారం కోశాను. కత్తి ఒకసారి జారింది. లోపల పట్టీ కాలి నల్లగా ఉంది. దాని కింద రెండు వైర్లు ఒకదానికొకటి మెలికపడి ఉన్నాయి, తగరం బొట్టు లేదు. పచ్చటి తుప్పు. పోగుల్లో సగం తెగిపోయాయి, మిగతావి పేలికలు. మా అన్న అతుకు కాదది, చేతగాని మనిషి అతుకు. ఆయనకు చేతకాకుండా పోయిన రోజులున్నాయని నేనెప్పుడూ అనుకోలేదు. చివరి నెలల్లో గ్లాసు పట్టుకుంటే నీళ్ళు తొణికేవి. చూశాను. చూసి, వయసు అనుకున్నాను.

తుప్పు గీకి, మెలేసి, సారా దీపం వెలిగించి తగరం పోసి, పట్టీ చుట్టి నల్లదారం కట్టాను. గాలికి దీపం ఆరకుండా మౌలాలి తన పైగుడ్డ పట్టుకున్నాడు. పది నిమిషాలు పట్టింది. అంతే, పది నిమిషాల పని. తొమ్మిదో రోజున చేసుంటే జొన్నరొట్టె తింటూ చేసుండేదాన్ని.

తాళం తిప్పగానే పంపు పాడింది. అంత గట్టిగా పాడటం ఏడాదిలో నేను వినలేదు. మిగిలిన నలభై తొమ్మిది కిలోమీటర్లూ జీపు ఒక్కసారి ఆగలేదు. పెన్న ఇసుకలో ఎక్కిళ్ళు పెట్టలేదు, ఎత్తు మీద మూలగలేదు. దారంతా నేను వదినతో మాట్లాడుతూనే ఉన్నాను, ఏమేమో చెప్పాను. చింతచిగురు సంగతి, దుమ్ము పోయాక ఇంటి ముందు గోడ కట్టే సంగతి. ఆమె ఊఁ కొట్టింది. ముప్పయ్యో కిలోమీటరు దాటాక ఊఁ కొట్టడం మానేసి తల మాత్రం ఊపుతోందని మౌలాలి చెప్పాడు. నేను వెనక్కి తిరగలేదు, తోలేదాన్ని.

ఆస్పత్రిలో వెంటనే యంత్రానికి పెట్టారు. గంట కాలేదు. గుండె నిలిచిపోయింది. రక్తంలో పొటాషియం అనే లవణం ఎక్కువైతే గుండె అట్లా ఆగుతుందట. డాక్టరమ్మ బయటికొచ్చి, ఉత్త చేతులు తుడుచుకుంటూ, "నిన్న తెచ్చుంటే" అని ఆగింది. మిగతాది చెప్పాల్సిన పని లేదు.

ఆ నిన్నటి మధ్యాహ్నం నేను షెడ్డులో తడిగుడ్డ చుట్టి మురిసిపోతూ ఉన్నాను.

పదిహేనో రోజు ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకొచ్చాం. మౌలాలి ఆమె తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అన్న పక్కనే పూడ్చాం. దుమ్ములో దీపం నిలవలేదు, మూడుసార్లు వెలిగించాం.

దుమ్ము 18వ రోజు. ఊళ్ళో.

ఇది జీపు సంగతి కాదు, అయినా ఈ పుస్తకంలోనే రాస్తాను. వేరే పుస్తకం నాకు లేదు.

పొద్దున తేమయంత్రం దగ్గరికి పోయి మా అన్న ఎర్రదారం కోశాను. ఇంక చెయ్యి విడిచే మనిషి ఎవరూ లేరు. చేతి ఏడు ఇంకా తీరలేదంటూ నలుగురు చుట్టూ చేరారు. నేను ఎవరి ముఖమూ చూడలేదు. ఊరికి నీళ్ళిచ్చే యంత్రం, అతుకు చెడితే ఎంతమంది చస్తారు అని మౌలాలే వాళ్ళతో అన్నాడు. వాళ్ళు పోయారు. అది నిజమే గానీ నేను విప్పింది అందుకు కాదు.

నాకు అన్న మీద కోపం రావాలి. ఇంకొక్కటి చెడిన అతుకు దొరికితే చాలు, ఆయన పనిమంతుడు కాడని, ఊరంతా మోసపోయామని, వదినను చంపింది ఆయనేనని తిట్టుకోవచ్చు. తిట్టడం నాకు బాగా తెలుసు. తిడితే నిద్ర పడుతుంది.

యంత్రం అతుకు అద్దంలాగా ఉంది. తగరం నిండుగా పారి, ఎక్కడా చిన్న బుడగ లేకుండా ఉంది. పట్టీ చుట్టి నల్లదారం కట్టాను. అతుకును చివరగా మూసినవాళ్ళ దారమే దాని మీద ఉండాలి కదా.

దుమ్ము 22వ రోజు. ఊళ్ళో.

రోజుకు ఏడు, ఎనిమిది చొప్పున విప్పుతున్నాను. బడి దీపాలు, రేడియో స్తంభం, షెడ్డు మోటరు, పిండిమర. ఇవాళ్టితో అయిపోయాయి. ఆఖరిది వదిన మంచం పైన ఉండే ఫ్యాను అతుకు. కుర్చీ వేసుకుని ఎక్కి కోశాను. మంచం మీద ఆమె దుప్పటి మడత పెట్టినట్టే ఉంది.

ఆ అతుకు కూడా బాగుంది. ముప్పై ఒకటి విప్పాను, ముప్పై ఒకటీ బాగున్నాయి. ఆయన జీవితంలో చెడ్డ పని ఒక్కటే చేశాడు, అది కూడా చేతులు వణికే రోజున, తగరం లేని రోజున, నేను ఏడుస్తానని దాచి. దాన్ని పట్టుకోవడానికి నాకు ఐదు రోజులు చేతిలో ఉన్నాయి.

కుర్చీ దిగాను. ఆ మంచం కోడు పట్టుకుని కింద కూర్చుని ఏడ్చాను. మౌలాలి గుమ్మంలో నిలబడి ఉన్నాడని తర్వాత తెలిసింది. ఎట్లుండాయక్కా అని అడిగాడు. అన్నీ బాగుండాయి అని చెప్పాను.

ఊళ్ళో ఇప్పుడు ఎర్రదారం లేదు. ముప్పై రెండూ నల్లవే.